బొగ్గు ఊళ్ళో ప్లాస్టిక్ నూనె

కాజీపేటలో బల్లార్షా వైపు పోయే రైలెక్కి పెద్దపల్లి దాటితే, దూరాన ముందుగా కనబడేవి రామగుండం పొగగొట్టాలు. 1983 నుంచి కరెంటు ఇస్తున్న ఎన్.టి.పి.సి. కేంద్రానివి అవి. దాని శక్తి 2,600 మెగావాట్లు. స్టేషన్లో దిగి గోదావరిఖని చేరేసరికి వేపాకు మీద కూడా సన్నని నల్లదుమ్ము కనిపిస్తుంది. ఊరి చుట్టూ కొండల్లా ఉన్నవన్నీ కొండలు కావు. బొగ్గు పొరను అందుకోవడానికి తవ్వి పోసిన మట్టిదిబ్బలు.

బొగ్గు ఊరు బొగ్గుతోనే నడుస్తుందని దూరాన ఉన్న మనం అనుకుంటాము. ఓపెన్ కాస్టు గని అంచున నిలబడి చూస్తే తెలుస్తుంది, ఇక్కడి బరువంతా మోసేది డీజిలని. ఇల్లంత డంపర్లు మట్టిని మోస్తూ వలయంగా పైకెక్కుతాయి. గని బయట టిప్పర్లు, లారీలు, జీపులు, ఆటోలు. డీజిలు ధర పైసా పెరిగితే ఇక్కడ ఎన్నో ఇళ్ళలో నెల లెక్క తారుమారవుతుంది.

మా అక్కా బావా ఇక్కడే స్థిరపడ్డారు. బావ గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మేనల్లుడు అప్పు చేసి టిప్పరు కొన్నాడు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక, నేను వెళ్ళిన రాత్రి భోజనాలు కాగానే వాడొక డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. అందులో ముదురు గోధుమరంగు నూనె. మూత తీస్తే ఘాటు వాసన.

“మామా, గిది ప్లాస్టిక్ డీజిలట. లీటరుకు 30 రూపాయలు తక్కువకిస్త అంటున్నడు. పొయ్యమంటవా?”

“బండి మీద ఇంక రెండేండ్ల కిస్తులున్నయి. ఇంజను పోతె కిస్తు ఆగుతదారా?” అన్నాడు బావ.

“గందుకే గద మామనడిగేది!”

ఇందులో ఇంద్రజాలమేమీ లేదని చెప్పాను. ప్లాస్టిక్ పుట్టినది ముడిచమురు నుంచే. కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు పొడుగాటి గొలుసులుగా కూడితే పాలిథీన్ అవుతుంది. గాలి చొరబడని పాత్రలో దాన్ని 400, 500 డిగ్రీల దాకా కాచితే, ప్రాణవాయువు లేదు కనుక మండదు. గొలుసులు తెగి ఆవిరవుతాయి. ఆ ఆవిరిని చల్లార్చితే నూనె వస్తుంది. కొంత వాయువుగానే ఉండిపోతుంది. అడుగున మసి మిగులుతుంది. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియంలో రోజుకు 1 టన్ను ప్లాస్టిక్ నుంచి 800 లీటర్ల డీజిలు తీయగల ప్లాంటును 2019లో ప్రారంభించారు.

“అయితే ఇంజను నడుస్తదన్నట్టే గద!”

నడుస్తుంది. చెన్నై అణ్ణా విశ్వవిద్యాలయం వారు ప్రయోగశాలలో డీజిలు కలపకుండా ఈ నూనెతోనే ఇంజను నడిపి చూశారు. నడిచింది. కాని పొగలో నైట్రోజన్ ఆక్సైడులు సుమారు నాలుగోవంతు పెరిగాయి. నడవడం ఒకటి, పదేళ్ళు మన్నడం మరొకటి.

అసలు డీజిల్ అన్నది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1890ల్లో ఈ ఇంజనును రూపొందించేటప్పుడు బొగ్గుపొడిని కూడా ఇంధనంగా తలపోశాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో అటువంటి ఇంజనొకటి వేరుసెనగ నూనెతో నడిచింది. “ఆ ఇంజన్లు మొరటువి, ఏది పోసినా తాగినయి. ఇప్పటివాటి నాజిల్ రంధ్రాలు వెంట్రుక కంటె కొంచెమే పెద్దగుంటయి” అన్నాడు బావ.

బావ ఆ నూనెను ఒక గాజుసీసాలో పోసి చలిలో అరుగు మీద పెట్టాడు. తెల్లవారి చూస్తే అడుగున మైనంలాంటిది పేరుకొని ఉన్నది. ఫిల్టరు పూడ్చేది అదే. పైన తేలే పలచని భాగంలో పెట్రోలు లక్షణం ఎక్కువ. ఇట్టే అంటుకుంటుంది. కాచిన చెత్తలో పి.వి.సి. పైపుముక్కలు కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి లోహాన్ని తింటుంది. మంచినీళ్ళ సీసాల ప్లాస్టిక్ సరిగా నూనె కాదు. నిల్వ ఉంచితే బంక కడుతుంది. పైగా 2020 నుంచి మన దేశంలో అమ్మే డీజిలులో గంధకం పదిలక్షల పాళ్ళలో 10 పాళ్ళు దాటకూడదు. కొత్త బండ్ల పొగ శుద్ధిచేసే పరికరాలు ఆ లెక్కకు తగినట్లు చేసినవే. శుద్ధి చేయని ఈ నూనె కొలిమికి, బాయిలరుకు తగును కాని టిప్పరుకు తగదు.

ముడిసరుకుకూ వాడుకకూ మధ్య ఎంత దూరమో ఈ ఊరికి చెప్పనక్కరలేదు. బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేయాలని ఇక్కడ కట్టిన ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, నష్టాలు మోయలేక 1999లో మూతపడింది. బొగ్గు పక్కనే ఉన్నది, శాస్త్రమూ అబద్ధం కాదు. అయినా నిలవలేదు. ఇప్పుడు అక్కడ యూరియా చేస్తున్నది సహజవాయువుతో. 2022 నవంబరులో ఆ కొత్త కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మూతపడ్డ నాటి కష్టం బావకు ఇంకా జ్ఞాపకమే. కార్మికుల క్వార్టర్లు ఒకటొకటిగా ఖాళీ అయిన సంగతి చెప్పి, “లెక్క కుదరాలె, బిడ్డా” అన్నాడు కొడుకుతో.

మేనల్లుడు అమ్మజూపినవాడికి ఫోను చేసి, పరీక్షాశాల కాగితం తెస్తే అప్పుడు మాట్లాడుదామన్నాడు. కాగితం లేదన్నాడట అతను. డబ్బా తిరిగి వెళ్ళిపోయింది.

అంతా విన్న అక్క, “మరి మేమేం చెయ్యాలెరా?” అని అడిగింది. పని మొదలయ్యేది వంటింట్లోనే అన్నాను. పాలప్యాకెట్లు, నూనె కవర్లు కడిగి ఆరబెట్టి వేరే సంచిలో వేస్తే చాలు. మళ్ళీ కరిగించి వస్తువులు చేయగలిగినది అలా పోతుంది, మిగిలినది నూనెకు పనికివస్తుంది. అన్నీ కలిసిన చెత్తలోంచి మంచి ఇంధనం తీయాలంటే ఏరడానికే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మర్నాడే వంటింటి తలుపు వెనుక రెండు సంచులు వేలాడాయి.

సాయంత్రం గోదావరి ఒడ్డుకు వెళ్ళాము. నీళ్ళు ఎర్రబడుతున్న వేళ. రేవులో పూజ చేసినవారు వదిలిన కవర్లు రాళ్ళకు చిక్కుకొని ఉన్నాయి. మేనల్లుడు ఒకటి లాగి చూశాడు. సగం బురదే.

“దీంట్ల కెల్లి నూనె తీస్తరా మామా?”

“బురద కడగడానికే సగం ఖర్చురా. ఇంట్లో ఉండగా తీసి పెడితే సులువు.”

వాడు చేతికందినవి అరడజను ఏరి, నీళ్ళు విదిలించి, టిప్పరు సీటు కింద కుక్కాడు.