మూలశంక

మన కథల్లో క్షయకు దక్కిన గౌరవం మూలవ్యాధికి ఎన్నడూ దక్కలేదు. గుండెనొప్పిని నలుగురిలో చెప్పుకొనే పెద్దమనిషి సైతం దీని ప్రసక్తి వస్తే మౌనం వహిస్తాడు. మొలలు, అర్శమొలలు, మూలశంక అని ఎన్ని పేర్లున్నా ఒక్కటీ నోట పలకం. సుశ్రుతుడు మాత్రం అర్శస్సును ఎనిమిది మహావ్యాధులలో ఒకటిగా లెక్కించి, మందు, క్షారం, అగ్ని, శస్త్రం అని నాలుగు విధాల చికిత్స చెప్పాడు. ఆయనకు లేని సిగ్గు మనకెందుకో!

నిజానికి మలద్వారం లోపల మెత్తలవంటి రక్తనాళాల గుత్తులు అందరికీ ఉంటాయి. మలబద్ధకం, ముక్కడం, గర్భధారణ వంటి కారణాలవల్ల అవి ఉబ్బి కిందికి జారినప్పుడే వ్యాధి. లోపలి మొలలు సాధారణంగా నొప్పి పెట్టవు. విసర్జన వేళ ఎర్రని తాజా రక్తం చుక్కలుగా పడడమే తొలి గుర్తు. రెండవ దశలో అవి బయటకు వచ్చి తమంత తామే లోపలికి పోతాయి. మూడవ దశలో వేలితో నెట్టాలి. నాల్గవ దశలో నెట్టినా పోవు. బయటి మొలలో రక్తం గడ్డకడితే నీలిరంగు బుడిపె, తీవ్రమైన నొప్పి కలుగుతాయి. విసర్జన సమయాన గాజుపెంకుతో కోసినట్లుంటే అది మొల కాక చీలిక అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇంతగా చెప్పడానికి కారణం మా మేనమామ. రక్తాన్ని చూసి మొలలేనని తానే నిశ్చయించుకొని, ఏడాదిపాటు ఆకుపసరు మింగారు. కందకూర, మజ్జిగ పథ్యం నిష్ఠగా పాటించారు. మనిషి పాలిపోయారు, చిక్కిపోయారు. అత్తయ్యకు కూడా చెప్పలేదు. చివరకు పెద్దపేగు కొసన కేన్సర్ అని తేలింది. "చెప్పుకోడానికి సిగ్గేసిందిరా" అన్నారు, ఆస్పత్రి మంచంమీద.

రెండు వ్యాధుల రక్తమూ ఎర్రగానే ఉండవచ్చు. కంటితో చూసి తేడా చెప్పడం మనవల్ల కాదు. రక్తం మలంలో కలిసి వచ్చినా, విసర్జన అలవాటు మారి అలాగే కొనసాగినా, అకారణంగా బరువు తగ్గినా, రక్తహీనత కనిపించినా మొలలని సరిపెట్టుకోరాదు. తారులాంటి నల్లని మలమైతే జీర్ణకోశపు పైభాగంలో రక్తస్రావం జరుగుతున్నదేమోనని వెంటనే చూపించుకోవాలి. వైద్యుడు వేలితో, చిన్న గొట్టంతో చేసే తొలి పరీక్ష కొద్ది నిమిషాల పని. అవసరమైతే పేగంతా చూసే పరీక్ష ఆయనే చెబుతారు.

మీ ఇంటి పెద్దవారిని ఒకసారి అడిగి చూడండి. తమంత తాము చెప్పరు, అడిగితే చెప్పవచ్చు.