వాతకంటకము – తితిక్ష



పుంగనూరు ప్రాంతమున ఒక వృద్ధార్చకుడు. బ్రాహ్మీముహూర్తమున లేచి తొలి అడుగు మోపగానే ఆయన మడమలో ముల్లు దిగినట్లుండును. పది అడుగులు వేసిన పిదప కొంత శమించి, రాతి ప్రాకారమున ప్రదక్షిణములు ముగియునప్పటికి మరల హెచ్చును. రెండేండ్లు ఎవరికిని చెప్పలేదు. ఒకనాడు అభిషేకజలము తెచ్చుచుండగా కాలు తడబడి బిందె జారినది.

కుప్పమున వైద్యవిద్య నభ్యసించు మేనల్లుడు వచ్చి, “మదనపల్లెకు పోదము, మామయ్యా” అనెను. ప్రతీకారము తలపక దుఃఖమును సహించుటయే తితిక్ష యని వివేకచూడామణి చెప్పుచుండగా చికిత్స యెందుకని ఆయన ప్రశ్న. ప్రశ్న తేలికైనది కాదు. కాని ఆ లక్షణము సర్వకర్మసన్న్యాసమునకు సిద్ధపడు ముముక్షువునకు చెప్పినది. స్వామి కైంకర్యమునకు ఒప్పగించిన దేహమును శిథిలము కానిచ్చుట అర్చకునకు తితిక్ష యెట్లగును? శరీరస్థ భూతగ్రామమును కృశింపజేయు తపస్సును గీత పదునేడవ అధ్యాయమున భగవానుడే నిందించెను.

సుశ్రుతుడు నిదానస్థానమున వాతకంటకమును వర్ణించెను: అడుగు విషమముగా పడుటచే వాతము ప్రకోపించి కలిగించు బాధ. నేటి వైద్యులు చెప్పు ప్లాంటార్ ఫేషియైటిస్‌తో దానికి లక్షణసామ్యము కలదు. రెండును సర్వథా ఒకటే యనుట సాహసము.

వైద్యుడు వెంటనే యంత్రము పట్టలేదు. ముందు పిక్కలను, అరికాలిని సాగదీయు వ్యాయామములు, మెత్తని పాదరక్షలు. “కొయ్య పాదుకలు చాలవా?” అని అర్చకుడడుగగా వైద్యుడు నవ్వి, అవి రాతికంటె మేలు కావనెను. ఇంట చెప్పులా! బిందె జారినదానికంటె ఇదియే ఆయనకు కష్టమైనది.

నెలలు గడచినను బాధ పోకపోగా షాక్‌వేవ్ చికిత్స. 1980లో మ్యూనిక్ నగరమున మూత్రపిండములలోని రాళ్లను భేదించుటకు మనుష్యునిపై తొలుత ప్రయోగించిన ఆఘాత తరంగములే దీనికి మూలము. మడమపై సాధనమునుంచి వేలకొలది తాడనములిత్తురు. వారమునకొకటి చొప్పున మూడు మొదలు అయిదు పర్యాయములు. ఆ తాడనము దేహము తన్ను తాను మాన్పుకొను శక్తిని మేల్కొలుపునని వైద్యుల అభిప్రాయము. గర్భిణులకు, రక్తము పలుచబడు మందులు వాడువారికి సాధారణముగా చేయరు. ఫలము వెంటనే కనబడదు. కొన్ని వారములు పట్టును. కొందరికి కనబడదు కూడ.

అర్చకునకు మూడు పర్యాయములు జరిగినవి. తొలినాడు పండ్లు బిగించి అష్టాక్షరి జపించెనట. మూడు నెలలకు తొలి అడుగు తేలికపడినది. ఇప్పుడు వంటయింటి వరకు మెత్తని రబ్బరు చెప్పులు; పూజగది గడప వద్ద విడుచును. చివరి ప్రదక్షిణమున మాత్రము ఇంకను కొంచెము కలుక్కుమనును.