దూరపు లెన్సు – దగ్గరి తప్పు

మా పాఠశాలలో ఛాయాగ్రహణ సంఘ మొకటి కలదని ఈ పత్రికను చదువువా రెల్ల రెఱుంగుదురు. ఆ సంఘమునకు గల వస్తువులలో మిక్కిలి విలువైనది ఒక టెలిఫోటో లెన్సు. పూర్వవిద్యార్థి యొకరు తాము వృత్తిలో వాడిన దానిని మూడేండ్ల క్రిందట బడికి కానుకగా నిచ్చిరి. దాని నాభ్యంతరము 300 మిల్లీమీటర్లు. ముందుగాజు వ్యాసము 10 సెంటీమీటర్లకు మించును. బరువు రెండున్నర కిలోలు. దానిని మోయుట చంటిబిడ్డను మోయుట వంటిదే. గడచిన సంవత్సరము దానివలన మేము నేర్చిన పాఠము మాకు కొంత సిగ్గు కలిగించునదైనను, ఇచట వ్రాయుచున్నాము.

టెలిఫోటో యనగా ఉత్త పొడుగు లెన్సు కాదు. ముందు వైపున కిరణములను దగ్గరకు చేర్చు గాజుల గుంపును, వెనుక వైపున వానిని కొంచెము విరియజేయు గుంపును ఉండుటచే, లెన్సు పొడవు దాని నాభ్యంతరముకంటె తక్కువగును. ఈ యమరికను 1891లో ఇంగ్లండునందు డాల్‌మేయరును, జర్మనీయందు స్టైన్‌హైల్, మీతె యనువారును ఒకరితో నొకరికి సంబంధము లేకయే కనుగొనిరి. నేటి లెన్సులలో దీనికి తోడు ఫోకసు కుదుర్చు మోటారును, చేతి వణకును సరిదిద్దుటకై కదలు గాజులును, ప్రక్కన నాలుగైదు మీటలును చేరినవి. మీటలు పెరిగినకొలది పొరపాటునకును తావు పెరుగును.

క్రీడోత్సవము నాడు ఆ లెన్సుతో పరుగుపందెములను మేమే తీసితిమి. రెండు దినముల తరువాత బహుమతి ప్రదానము జరిగెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు లెన్సు పెట్టెను సభాశాలకు తెచ్చుచు వరండా స్తంభమునకు తగిలించెను. "మాస్టారండీ, పెట్టె కొంచెం తగిలిందండీ" యని తానే వచ్చి చెప్పెను. లెన్సును కెమెరాకు బిగించి చూచితిమి. వేదికపై బహుమతి నందుకొను బాలిక మాకు నాలుగు మీటర్ల దూరముననున్నది. ఫోకసు ముందునకును వెనుకకును పరుగులెత్తెనే కాని యెచటను నిలువలేదు. లెన్సును విడదీసి మెల్లగా కుదిపితిమి. లోపల కటకటమని చప్పుడయ్యెను. మా కిక సందేహము లేకపోయెను. "ఇంత విలువైన వస్తువును పాడుచేసితివి గదరా!" యని పదిమందిలో నంటిమి. బాలుడు మారుమాటాడలేదు. తరువాతి శనివారము సంఘమునకు రాలేదు. ఆ పై శనివారమును రాలేదు.

లెన్సును మరమ్మతునకు పంపుటకై కాగితము పూరించుచుండగా, "లోపమేమి? ఎప్పుడెప్పుడు కనబడును?" అను ప్రశ్నలు కనబడినవి. "పాడైనది" యని తప్ప మేమేమియు వ్రాయలేకపోతిమి. విద్యార్థి లెక్క తప్పినచో, ఏ మెట్టు వద్ద తప్పెనో ముందుగా కనుగొనవలెనని శిక్షణ కళాశాలలో నేర్చి, ఇరువదియేండ్లుగా ఆ పని చేయుచున్న మాకు ఆ కాగితము ముందు తల వంగెను. పెట్టె విప్పి పరీక్ష మొదలిడితిమి.

మొదట అదే కెమెరాకు వేఱొక లెన్సు బిగించితిమి, చక్కగా పనిచేసెను. కావున కెమెరాలో దోషము లేదు. పిదప టెలిఫోటో వెనుకనున్న లోహపు స్పర్శబిందువులను మెత్తని పొడిగుడ్డతో తుడిచితిమి, మార్పు లేదు. మోటారును ఆపి, చేతితో ఫోకసు వలయమును త్రిప్పితిమి. నాలుగు మీటర్ల దూరముననున్న పుస్తకములోని అక్షరములు స్పష్టముగా కనబడెను. కావున గాజులు చెదరలేదు. తుదకు మేడమీదికి పోయి, మోటారుతోనే దూరమునందలి నీళ్లట్యాంకును చూచితిమి, క్షణములో కుదిరెను. మోటారును బాగుగనే యున్నది. దూరము కనబడును, దగ్గర కనబడదు!

అప్పుడు గొట్టము ప్రక్కనున్న మీటను చూచితిమి. ఫోకసు వెదకు మేరను కుదించునది యది. దూరపు వైపునకు నెట్టినచో, సుమారు ఆరు మీటర్లకు లోపలనున్న వస్తువుల జోలికి మోటారు పోదు. పరుగెత్తువారిని తీయుటకు ఇది మేలు. క్రీడోత్సవమునాడు దానిని నెట్టిన వ్రేలు మాదే. ఇక కటకట చప్పుడన్ననో, వణకును సరిదిద్దు గాజులు విద్యుత్తు లేనపుడు వదులుగా నుండుటచే ఇట్టి కొన్ని లెన్సులలో సహజముగా కలుగునది. పెట్టె తగులకముందును ఆ చప్పు డుండెను. నిందింప గోరినపుడే మాకు వినబడెను.

సోమవారము తరగతిలో జరిగినదంతయు చెప్పితిమి. పదిమందిలో నిందించితిమి గనుక పదిమందిలోనే బాలుని క్షమాపణ వేడితిమి. అతడు తలవంచుకొని, "పర్వాలేదండీ" యనెను. కొంత సేపటికి, "ఆ మీట ఏదో నాకూ చూపిస్తారా మాస్టారండీ?" యని యడిగెను.

చూపునపు డింకొక సంగతి బయటపడెను. బాలుడు చేతిదీపమును లెన్సు వెనుకనుండి పట్టగా, లోపలి గాజు అంచున సాలెపోగుల వంటి బూజు కనబడెను. మా యూరు కొల్లేటికి చేరువ. గాలిలో తేమ మెండు. వానకాలమంతయు లెన్సును తోలు పెట్టెలో మూసియుంచినవారమును మేమే. ఈ సారి కాగితములో లోపమును వివరముగా వ్రాసి పంపితిమి. మరమ్మతు చేసినవారు బూజును తుడిచిరి కాని, దాని ఆమ్లము గాజుపై పూతను కొఱికినచోట సన్నని మచ్చ నిలిచిపోయినది. గాజుల కేంద్రములను సరిచూచు సాధనములు లేనివారు లోపలిభాగములను విప్పరాదనియు వారు హెచ్చరించిరి. ఇప్పుడా లెన్సు గట్టి మూతగల డబ్బాలో, సిలికా జెల్ పొట్లములతోడను, తేమను కొలుచు చిన్న యంత్రముతోడను ఉన్నది. తేమ 40 – 50 శాతముల నడుమ నుండునట్లు ఆ బాలుడే చూచుకొనుచున్నాడు.

సంక్రాంతి సెలవులలో సంఘమువారము ఆటపాకకు గూడబాతులను తీయ పోయితిమి. ఒక చిన్నవాడు ఫోకసు వలయము అనంతపు గుర్తును దాటి తిరుగుట చూచి, "ఇది విరిగిందండీ!" యని కేకవేసెను. తొమ్మిదవ తరగతి బాలుడు, "ఆగు, ముందు చూద్దాం" అని వాని చేతినుండి లెన్సు నందుకొనెను. ఎండకు లోహమును గాజును వ్యాకోచించునపు డవసరమగునని చేసినవారే ఆ కొంచెము చోటు విడిచిరని మేము తరువాత చెప్పితిమి. కాని ముందు చెప్పవలసిన మాటను అతడే చెప్పియుండెను.