శనివారం ఊరెళ్ళే బ్యాగు ఎలాంటిది కొనాలి



ఈ ఏడాది హాస్టల్లో కొత్తగా చేరినోళ్ళు ఏ బ్యాగు కొనాలని అడుగుతున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. యూట్యూబులో చూపించేవి విమానం ఎక్కేవాళ్ళ బ్యాగులు. మన దారి వేరు. విశాఖ నుంచి పాడేరు దాకా బస్సు, ఘాట్ రోడ్డు మలుపులు, అక్కణ్ణించి జీపో ఆటోనో, చివర్లో కొండదారిలో నడక. ఆ చివరి నడకని బట్టే బ్యాగు ఎంచుకోవాలి.

చక్రాల సూట్‌కేసు వద్దు. మట్టిదారిలో, గెడ్డ దాటేచోట దాన్ని మోయాల్సిందే. ఒంటి భుజం బ్యాగు కొంచెం దూరం పోయేసరికి మెడ లాగేస్తది. రెండు భుజాలకి తగిలించుకునేదే మేలు. రెండు రోజులకి 30, 35 లీటర్లది సరిపోద్ది.

షాపులో రంగు చూసే ముందు ఇవి చూడండి. జిప్పు పదిసార్లు లాగి మూయండి, ఎక్కడా పట్టకూడదు. భుజం పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. పట్టీ కుట్టినచోట ఒక్క వరస కుట్టు ఉంటే అదే ముందు తెగుద్ది. లోపలివైపు తిప్పి చూడండి, గుడ్డ అంచులు దారాలు ఊడుతుంటే వదిలేయండి. షాపాయన ఏమనుకుంటాడో అని మొగమాటం వద్దు, డబ్బులు మనవి.

వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా జిప్పుల్లోంచి, కుట్లలోంచి వాన దిగుద్ది. లోపల ఒక మందపాటి పాలిథిన్ కవరు పరిచి అందులో బట్టలు సర్దండి. కుల ధ్రువపత్రం, మార్కుల లిస్టులు పనుంటేనే తీసుకెళ్ళండి, వాటికి వేరే కవరు పెట్టండి. అవి తడిసి పాడైతే మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలి, నాన్నకి ఆ రోజుల కూలి పోద్ది.

బరువు సంగతి. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం పిల్లల బ్యాగు వాళ్ళ బరువులో 10 శాతం దాటకూడదు. మనం పెద్దవాళ్ళమే, కానీ కొండెక్కేటప్పుడు ఆ లెక్క గుర్తుంటే మంచిది. 50 కిలోల మనిషికి 5 కిలోలు. బరువైనవి వీపుకి ఆనించి సర్దండి.

అసలు మాట ఇదీ. వెళ్ళేటప్పుడు బ్యాగు సగం ఖాళీగా ఉంచండి. తిరిగొచ్చేటప్పుడు అమ్మ చోడిపిండి, సామలు, పసుపు కడుతుంది. కొత్త బ్యాగు కొన్నాక కొంతమంది ఆ మూట వద్దంటున్నారు, రూములో నవ్వుతారని. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నంలో ఆ చోళ్ళే, ఆ సామలే చిన్న ప్యాకెట్లు కట్టి ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. నవ్వినోళ్ళకి ఒకసారి చోడి జావ కాచి ఇవ్వండి.

మా అమ్మ కాలేజీ చూళ్ళేదు. నా పుస్తకంలో ఏముందో ఆమెకి తెలీదు. నా చదువుకి తన చేత్తో ఇవ్వగలిగింది ఆ మూటే. అది పట్టే బ్యాగే కొనుక్కోండి.

మీ దారిలో ఏ బ్యాగు ఎన్నాళ్ళు ఆగింది, ఎంతకి కొన్నారు, రాయండి. చిన్నోళ్ళకి పనికొస్తది.