ఉప్పు పట్టిన చేను

తమ్ముళ్ళూ,

పత్తర్‌గట్టి అంటే మీకు అత్తరు, పెళ్ళి బట్టలు గుర్తొస్తాయేమో. మాకు ఉప్పు గుర్తొస్తుంది. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆ సందుల్లోని పాత గోడలకు చెమ్మతో పాటు ఉప్పు ఎక్కి, సున్నం పొరలుగా రాలేది. "మన చేలో ఉన్నదీ ఇదేరా" అనుకునేవాళ్ళం.

మాది కోనసీమ. మా ఇద్దరి నాన్నల చేలూ పక్కపక్కనే, చెరో ఎకరం. దగ్గర్లో చమురు బావి. చమురుతో పాటు భూమిలోంచి నీళ్ళూ వస్తాయి. అవి చాలాచోట్ల సముద్రపు నీటికంటే ఉప్పగా ఉంటాయి. ఒక వానాకాలం ఆ నీళ్ళ గుంటకు గండి పడి చేలు మునిగాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండితే దేశమంతా చెప్పుకుంది. ఉప్పునీటికి మంట ఉండదు కదా, చూడ్డానికి ఎవరూ రాలేదు. ఒక్క పంటకు పరిహారం ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

నాన్నలు కాలువ నీళ్ళు పెట్టి కడిగారు. నేల ఇంకా బిగిసింది. కారణం తర్వాత తెలిసింది. విడి ఉప్పు నీళ్ళతో పోతుంది గానీ, బంకమట్టిని పట్టుకున్న సోడియం పోదు. పైగా మంచినీళ్ళు తగలగానే మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడిపోతాయి. పాలచౌడు కాస్తా కారుచౌడవుతుంది. జిప్సం వేస్తే అందులోని కాల్షియం, హాస్టల్లో మంచం మీద తిష్టవేసిన చుట్టాన్ని లేపినట్టు, సోడియాన్ని లేపి ఆ చోట కూర్చుంటుంది. నీళ్ళతో కడగాల్సింది అప్పుడు.

మట్టి పరీక్ష చెప్పినంత జిప్సం వేశాం. అసలు కష్టం అక్కడ మొదలైంది. కడిగిన ఉప్పునీరు ఎటు పోవాలి? మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క. గట్టు తెగ్గొడితే కింది చేనుకు చేటు. ఆ చేను వాళ్ళూ మా వాడవాళ్ళే, "మా నోట్లో మన్ను కొడతారా" అని అడ్డం పడ్డారు. న్యాయమే. అప్పటి ప్రకాశం జిల్లా కోనంకిలో బాపట్ల శాస్త్రవేత్తలు నేల కింద గొట్టాలు వేసి ఉప్పునీరు బయటికి పంపారని తెలుసు, కానీ ఎకరం రైతుకు ఆ ఖర్చు ఎక్కడిది? చివరికి వాడంతా కలిసి రెండు ఆదివారాలు డెక్క తీశాం. వాళ్ళ చేనుకూ జిప్సం వంతు వేశాం.

తర్వాత జీలుగ చల్లి పూతకొచ్చాక కలియదున్నాం. మూడో ఏటికి ముప్పాతిక చేను వరి పట్టింది. గుంట వైపు మూల మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.

మీలో వ్యవసాయ డిగ్రీ చదివేవాళ్ళుంటే ఈ ఎండాకాలం మా ఊరు రండి. ఆ మూల మట్టి మళ్ళీ తీయించాలి. భోజనం మా ఇంట్లోనే.