పొంతకుండకు చోటేది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ మెట్టమీది ఊళ్లు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువే. కోస్తాలో ఫ్యాను ఆపని మార్గశిరంలో ఇక్కడ చెవులకు మఫ్లర్ చుట్టుకోనిదే తెల్లవారుజామున ఎవరూ గడప దాటరు. వండుకోవడానికీ, వంటిల్లు వెచ్చగా ఉండటానికీ పనికొచ్చే చిన్న పొయ్యి ఒకటి కొనాలంటే ఏది కొనాలన్న ప్రశ్న పట్టుకుని ఈ మూడు ఊళ్లలోని పాత్రల అంగళ్లు, వెల్డింగ్ షాపులు, ఇళ్ల వెనక వసారాలు చూసి వచ్చాను. అడిగిన ప్రతిచోటా మాట ఇంధనం దగ్గరే మొదలైంది: గ్యాసా, కట్టెలా, కరెంటా? ఆ ప్రశ్నే తప్పని నాకనిపించింది. పొయ్యి చేసే పనులు మూడు. వండటం ఒకటి, స్నానాలకు నీళ్లు కాచడం ఒకటి, మనిషికి కాస్త వెచ్చదనం ఇవ్వడం ఒకటి. వంట కాగా మిగిలిన వేడి ఎటు పోతోందో చూసుకోకుండా పొయ్యి కొంటే, కొన్న పొయ్యి పక్కనే పాత పొయ్యీ ఉండిపోతుంది. ఈ మూడు ఊళ్లలో వంటగదిలో గ్యాసు, పెరట్లో మూడు రాళ్లు కలిసి కాపురం చేస్తున్నది అందుకే.

మిగులు వేడిని వదులుకోకూడదన్న ఆలోచన చలిదేశాల్లో రేంజ్ కుక్కర్ రూపం కట్టింది. వాటిలో పేరుమోసిన ఆగా పొయ్యిని 1922లో తయారు చేసినవాడు స్వీడన్‌కు చెందిన గుస్తావ్ దాలెన్. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న 1912లోనే ఒక పేలుడులో చూపు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంటిపట్టున ఉండి ఈ పొయ్యి పని పట్టాడు. బరువైన పోత ఇనుము వేడిని దాచుకుంటుంది, రోజంతా నెమ్మదిగా వదులుతుంది. కూర ఉడుకుతుంది, గదీ వెచ్చబడుతుంది. మనకిది కొత్త సంగతేమీ కాదు. పొంతకుండ అన్న మాట ఊరికే పుట్టలేదు. కూడు వండే మంట పక్కకు జారే చోట నీళ్లకుండ పెట్టి, కట్టె అదనంగా కాల్చకుండానే నీళ్లు కాచుకునే ఏర్పాటు అది. మట్టిపొయ్యి గోడ కూడా పోత ఇనుములాగే వేడి మింగుతుంది. పరీక్షశాలలో కొలిచేవాళ్లకు ఇది మట్టిపొయ్యి లోపం, ఎందుకంటే మొదటి అరగంట మంటలో చాలా భాగం గిన్నెకు చేరదు. అయితే ఆ మింగిన వేడి పుష్యమాసం పొద్దున పొయ్యి పక్కన కూచున్న ముసలమ్మకు అందుతుంది. ఆ లెక్క ఏ పరీక్ష కాగితం మీదా ఉండదు.

ఇక గ్యాసు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల వచ్చాక కనెక్షన్ లేని ఇల్లు అరుదైంది. 2024 దీపావళి నుంచి రాష్ట్రంలో అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. వంటవరకు గ్యాసుకు సాటి లేదు, దానితో పేచీ పెట్టుకునేవాడు పొగలో కూచుని వండనివాడే. నీళ్ల దగ్గరే లెక్క తిరగబడుతుంది. నలుగురున్న ఇంట్లో మనిషికి ఒక బకెట్, అంటే 15 లీటర్ల చొప్పున 60 లీటర్లు. వాటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే 1,500 కిలోకేలరీలు కావాలి. గ్యాసు వేడిలో మూడింట రెండు వంతులు నీళ్లకు చేరుతుందనుకున్నా రోజుకు 200 గ్రాముల గ్యాసు మండాలి. నాలుగు నెలల చలికాలానికి 24 కిలోలు దాటుతుంది. మూడు ఉచిత సిలిండర్లూ కలిపితే 42.6 కిలోలు. అంటే అందులో సగానికి పైగా నాలుగు నెలల స్నానాలకే సరి. ఇంటి ఆడవాళ్లు ఈ లెక్కను కాగితం లేకుండానే వేసుకున్నారు. పెరట్లో మల్బరీ పుల్లలు ఊరికే ఉండగా సిలిండర్‌ను నీళ్లకు ఎందుకు వాడతారు? పట్టుపురుగులు ఆకు తినేసి వదిలిన కొమ్మలు ఈ ప్రాంతంలో వసారాల్లో మోపులుగా కట్టి కనిపిస్తాయి. టమోటా తోటల్లో విరిగిన ఊతకర్రలూ వాటి పక్కనే చేరతాయి.

కుప్పంలో ఇంకో ముడి ఉంది. కుప్పం గ్రీన్ పేరుతో ఎక్కడెక్కడికో పోయే గ్రానైట్ ఇక్కడి ఇళ్లలో వంటగట్టు బండ అయింది. కూచుని వండటం పోయి నిలబడి వండటం వచ్చింది, నడుములకు మంచిదే. రాగిసంగటి మాత్రం ఆ గట్టుకు లొంగలేదు. ఉడికిన బియ్యంలో రాగిపిండి పోసి, ఆవిరి పట్టాక కట్టెతో గెలకాలి. అది గరిటె తిప్పుడు కాదు. గిన్నెను కదలనీయకుండా బిగబట్టి, పైనుంచి ఒంటి బరువంతా వేసి పిండిని నొక్కాలి. నడుమెత్తు బండ మీద, సన్నని ఇనుప కాళ్ల స్టవ్ మీద ఆ పని చేస్తే గిన్నె జారుతుంది, స్టవ్వూ కదులుతుంది. అందుకే గిన్నెను నేలమీదికి దించి గెలుకుతారు, లేదా సంగటి వరకు వెనక పొయ్యి దగ్గరికి పోతారు. నేల మీద కదలకుండా కూచున్న మట్టిపొయ్యికి సంగటి ఒక పరీక్షే కాదు. పొయ్యి అమ్మేవాళ్లు మంట రంగు చూపిస్తారు, పొయ్యి బరువు గురించి మాట్లాడరు. నేనైతే ముందు బరువే చూస్తాను.

ఇంత చెప్పాక ఎదురయ్యే మాట పొగ. అది చిన్న మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 412 ఇళ్లలో కొలిచి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఊపిరితో లోపలికి పోయే సన్నని ధూళి రోజు సగటున గ్యాసు ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు, కట్టె పిడక లాంటివి కాల్చే ఇళ్లలో 732 దాకా తేలింది. వంటిల్లు వెచ్చబరచాలన్న కోరిక ఇక్కడే ప్రమాదం అవుతుంది. వెచ్చదనం కోసం తలుపు మూస్తాం, తలుపు మూస్తే పొగ నిలుస్తుంది. కాబట్టి కట్టెపొయ్యిని మూసిన వంటగదిలో పెట్టి గదిని వెచ్చబెట్టుకోవాలనుకోవడం ఈ ఊళ్లకు పనికిరాని ఆలోచన. పైగా ఇక్కడ చలి పొద్దున రెండు మూడు గంటలు, ఏడాదిలో కొన్ని వారాలు. ఏప్రిల్‌లో అదే గది నిప్పుల కుంపటి. ఆగా లాంటిది తెచ్చి గోడకు ఆనిస్తే పది నెలలు దాన్ని తిట్టుకోవలసిందే. ఇక్కడ గాలిని కాదు, మనిషిని వెచ్చబెట్టాలి. ఆ పని గొట్టం ఉన్న పొయ్యి వసారాలో ఉన్నా చేస్తుంది. గొట్టపు పొయ్యి కూడా మనకు పరాయిది కాదు: హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాలల్లో డాక్టర్ ఎస్.పి. రాజు ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు పట్టే మట్టిపొయ్యికి పొగగొట్టం అమర్చి, 1953లో దాని మీద పుస్తకమే వేశారు. ఆ సంస్థ ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలతోనే దాన్ని హెర్ల్ చుల్హా అన్నారు. పొంతకుండకు గొట్టం పెట్టినట్టే అది.

పుంగనూరులో గోబర్ గ్యాస్ ఉండగా ఇదంతా ఎందుకన్న వాదన సహజం. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల దాకా పేడ కావాలి. ఊరికి పేరు తెచ్చిన మూడడుగుల పుంగనూరు ఆవు ఎంత ముద్దుగా ఉన్నా ఆ పని దానివల్ల కాదు. పాడి కోసం సంకర ఆవులు కట్టుకున్న ఇంటికి కుదురుతుంది. అయితే చలి ముదిరేకొద్దీ తొట్టిలో గ్యాసు తగ్గుతుంది, వేడి ఎక్కువ కావలసిన నెలలోనే. సౌర విద్యుత్తు వాదన ఇంతకన్నా గట్టిది. 2025 జనవరిలో కుప్పం మండలం నడిమూరులో ఇళ్లమీద సౌర పలకల పథకం మొదలైంది. పైన లెక్కగట్టిన 60 లీటర్ల నీళ్లకు కరెంటు రెండు యూనిట్లు చాలు, ఒక కిలోవాట్ పలక రోజుకు ఇచ్చే దానిలో సుమారు సగం. పలకలున్న ఇంట్లో నీళ్ల పని కట్టెపొయ్యి నుంచి తప్పించడమే న్యాయం, అందులో నాకు సందేహం లేదు. అప్పుడు పొయ్యికి మిగిలేవి సంగటి, చలిమంట. పొయ్యి చిన్నదవుతుంది, పోదు.

పలకలు లేని ఇంటికి నా ఎంపిక ఇది. లోపల రెండు బర్నర్ల గ్యాసు స్టవ్. వెనక వసారాలో నేలకు ఆనిన రెండు గిన్నెల మట్టిపొయ్యి, దాని రెండో కన్ను మీద పొంత. స్థలం లేకపోతే వెల్డింగ్ షాపుల్లో దొరికే నీళ్ల బాయిలర్. దాని నడుమ నిలువుగా ఒక గొట్టం, గొట్టంలో మంట, చుట్టూ నీళ్లు. మంటకు నాలుగువైపులా నీళ్లే కాబట్టి పిడికెడు పుల్లలకే కాగుతుంది. దాని మీద సంగటి మాత్రం వండలేం. మట్టిపొయ్యి నోరు మల్బరీ పుల్ల పట్టేంత ఉంటే చాలు. నోరు పెద్దదైతే కట్టె ఎక్కువ తోస్తారు. గొట్టం చూరు దాటి పైకి ఉండాలి, వంపులు ఉండకూడదు. ఇలాంటి గొట్టపు పొయ్యిల మీద ఒడిశాలో 2,600 కుటుంబాలను నాలుగేళ్లు చూసిన అధ్యయనంలో మొదటి ఏడాది తగ్గిన పొగ తర్వాత మళ్లీ మొదటికి వచ్చింది. పొయ్యిలను సరిగా వాడలేదు, మరమ్మతులు చేయించలేదు. వంపు తిరిగిన గొట్టంలోకి చీపురు పోదు. నిటారుగా ఉంటే, అడుగున మూత ఒకటి ఉంటే, తాడుకు కట్టిన కొబ్బరిపీచు కుచ్చెను పైనుంచి జారవిడిచి లాగవచ్చు. మసి మూత దగ్గర కుప్పగా పడుతుంది.