హాజరు పట్టీ

ఫిబ్రవరి 10
నులిపురుగుల దినం. పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు. నమిలి మింగాలి. రెండో తరగతి వాడొకడు చప్పరించి, ఇంకోటి ఇమ్మన్నాడు.
కెన్యాలో బుసియా వైపు ఇలాంటి మాత్రలే పంచితే గైర్హాజరు నాలుగో వంతు తగ్గిందని ఆర్థికవేత్తలు క్రెమర్, మిగెల్ లెక్క తేల్చారు. తర్వాత ఆ లెక్క మీద మిగతా ఆర్థికవేత్తలు కొట్టుకున్నారు. పురుగులను ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 19
బుసియా వైపే పాఠ్యపుస్తకాలు కూడా పంచి చూశారు. అప్పటికే బాగా చదివేవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాలేదు. పుస్తకాలు ఇంగ్లీషులో. చాలామందికి అది మూడో భాష.
మా బడి గోడ మీద 'ఇంగ్లీషు మీడియం' అని రాయించారు. పెయింటరు ఒక అక్షరం ఎక్కువేశాడు. పిల్లలెవరూ పట్టుకోలేదు.

మార్చి 3
ఉగాండా, 1997. అధ్యక్షుడు ముసెవేని ఎన్నికల హామీ అమలు. ఇంటికి నలుగురు పిల్లలకు బడి ఫీజు మాఫీ. తర్వాత ఆ నలుగురి లెక్క ఎత్తేశారట.
అమ్మకు చెప్పాను. "నేను ఆరోదాన్ని," అంది, బెండకాయలు తరుగుతూ.

మార్చి, ఆదివారం
మలావీ, 1994. ఫీజులు రద్దు. ఒక్క ఏడాదిలో 19 లక్షల మంది పిల్లలు 30 లక్షలకు చేరువయ్యారు. గదులు అవే. చెట్లు కూడా అవే. కొత్తగా దాదాపు 20 వేల మంది పంతుళ్లు. ఎక్కువమందికి శిక్షణ రెండు వారాలే.
నా డీఎడ్ రెండేళ్లు. ఒకటో తరగతిని కూర్చోబెట్టడం అందులోనూ లేదు.

ఏప్రిల్ 8
కిమానీ మరుగే. కెన్యాలో 2003లో ఫీజులు పోయాయి. 2004లో ఎల్డోరెట్‌లో ఒకటో తరగతిలో చేరాడు. వయసు 84. నిక్కరు, పొడుగు మేజోళ్లు. బైబిలు సొంతంగా చదువుకోవాలట. మనవలు అదే బడిలో, పై తరగతుల్లో.
హాజరు పిలిచేటప్పుడు ఆ టీచరు పేరు పెట్టి పిలిచిందా, తాతా అందా?

జూన్ 12
బడి తెరిచాం. బడిబాట. డప్పు, బ్యానరు, ఎండ. ఒక ఇంటి ముందు ఆగాం.
"పిల్ల వస్తది సారూ. చిన్నోణ్ణి ఎవరు పట్టుకుంటరు?"
చిన్నోడు నా కళ్లజోడు పట్టుకున్నాడు.
మా బడికి ఫీజు ఎన్నడూ లేదు.

జూన్ 13
పిల్ల వచ్చింది. చంకలో చిన్నోడు. మధ్యాహ్న భోజనం లెక్కలో వాడు లేడు. తిన్నాడు.
సాయంత్రం ఎంఈఓ ఆఫీసు నుంచి ఫోను. కొత్తగా చేరినవాళ్లు ఎంతమంది?
ఒకరు.